తెర మీద బొమ్మ, తరగతిలో పాఠం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల ఉత్తరాలు దాదాపు అన్నీ సరిహద్దుకు అవతల నుంచే వచ్చాయి. ఒడిశాలోని గజపతి, రాయగడ, కోరాపుట్, గంజాం జిల్లాల తెలుగు ఉపాధ్యాయులు రాసినవి ఎక్కువ, మహారాష్ట్రలోని సిరొంచ నుంచి ఒకటి. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేశాం.

ప్ర: ఆరో తరగతికి కంప్యూటర్లో బొమ్మలు గీయిస్తూ సౌష్ఠవం (సిమెట్రీ) చెప్పాలని ఉంది. ల్యాబ్‌లో పనిచేసేవి 12 సిస్టమ్‌లు, పిల్లలు 40 మంది. నెట్ ఉన్నట్టే ఉంటుంది, ఉండదు. ఏ సాఫ్ట్‌వేర్ వేయించమంటారు?
– లెక్కల టీచర్, పర్లాకిమిడి

జ: ఏదీ వేయించకండి. విండోస్‌తో పాటు వచ్చిన పెయింట్ చాలు. సగం గీస్తే మిగతా సగం దానంతట అదే గీసేసే ప్రోగ్రాములు ఉన్నాయి. టక్స్ పెయింట్‌లో, క్రిటాలో ఆ సదుపాయం ఉంది, చూడముచ్చటగానూ ఉంటుంది. కానీ అక్కడ సౌష్ఠవం తెలిసింది కంప్యూటర్‌కి, పిల్లవాడికి కాదు. పిల్లవాడు ముందు తన చేత్తో గీయాలి, తర్వాత తప్పెక్కడుందో తనే పట్టుకోవాలి. కాగితం మీద ఈ రెండో పని కష్టం. పెయింట్‌లో అర నిమిషం.

కాన్వాస్‌ను రీసైజ్‌లోకి వెళ్లి పిక్సెల్స్‌లో 800×600 చేయండి. షిఫ్ట్ నొక్కి పట్టుకుని 400 దగ్గర నిలువు గీత గీయండి. కర్సర్ ఎక్కడుందో కింది పట్టీలో అంకెలు కనిపిస్తుంటాయి, వాటిని చూస్తూ గీస్తే సరి. మొదటి పిల్ల ఎడమ సగంలో నల్లరంగుతో సగం బొమ్మ గీస్తుంది. రెండో పిల్ల కుడి సగాన్ని నీలంతో, కేవలం కంటి అంచనాతో పూర్తి చేస్తుంది. మూడో పిల్లది తనిఖీ. సెలెక్ట్ కింద ఉన్న ట్రాన్స్‌పరెంట్ సెలెక్షన్‌కు ముందే టిక్ పెట్టి, ఎడమ సగాన్ని (కింది పట్టీలో 400×600 అని కనబడేదాకా) ఎంచుకుని, కాపీ, పేస్ట్, ఆపైన రొటేట్ మెనూలో ఫ్లిప్ హారిజాంటల్. పేస్ట్ అయిన ముక్క ఎడమ మూలకు వచ్చి కూర్చుంటుంది. దాన్ని కుడి సగం మీదికి లాగి, చివరి ఒకటి రెండు పిక్సెల్‌లు బాణం మీటలతో జరపండి. నలుపు కిందనుంచి నీలం ఎక్కడ బయటికి తొంగిచూస్తే అక్కడ తప్పు. ఇంక మీరు ఎర్ర పెన్ను తీయనక్కర్లేదు.

ఇందులో చెడేవి రెండు. కలర్ 2 (నేపథ్యపు రంగు) తెలుపు కాకుండా ఇంకేదైనా ఉంటే పేస్ట్ చేసిన ముక్క తెల్లటి అట్టలా నీలం గీతల్ని కప్పేస్తుంది. పెయింట్ పారదర్శకంగా తీసుకునేది కలర్ 2 నే మరి. రెండోది, ముక్కను సరిగ్గా అమర్చకముందే బయట క్లిక్ చేస్తే అది బొమ్మలో అతుక్కుపోతుంది, ఇక జరగదు. అప్పుడు కంట్రోల్ జెడ్ ఒక్కటే దారి.

12 సిస్టమ్‌లకు 40 మంది అంటే ఎనిమిదింటికి ముగ్గురేసి, నాలుగింటికి నలుగురేసి. నాలుగో పిల్ల ఊరికే కూర్చోకుండా కాగితం మీద అదే బొమ్మను మడత పెట్టి సరిచూస్తుంది. పది నిమిషాలకోసారి చేతులు మారితే 40 నిమిషాల పీరియడ్‌లో అందరికీ మౌస్ అందుతుంది.

ఏ బొమ్మ ఇవ్వాలన్నది అసలు సంగతి. మీ ఊళ్లో మార్గశిర గురువారాల్లో ఒడియా ఇళ్ల ముందు బియ్యప్పిండి నీళ్లతో ఝోటి వేస్తారు, ఆ వెంటనే సంక్రాంతి నెలలో మన ముగ్గులు. ఝోటిలోని లక్ష్మీ పాదాల జత ఈ పాఠానికి అచ్చంగా సరిపోతుంది, ఎడమ పాదం, కుడి పాదం ఒకదానికొకటి అద్దంలో నీడ. చుక్కల చుట్టూ తిప్పే మెలికల ముగ్గు మాత్రం మొదటి రోజు ఇవ్వకండి. ఆ ముగ్గుల్లో చాలావాటికి తిప్పితే సరిపోయే సౌష్ఠవం ఉంటుంది గానీ మడిస్తే సరిపోయేది ఉండదు. మెలిక ఒకవైపుకు తిరిగి ఉంటే, ఫ్లిప్ చేశాక ఎదురు వైపుకు తిరుగుతుంది. పిల్లవాడు సరిగ్గానే గీసి, తప్పు గీశాననుకుంటాడు. మూడో రోజు ఇవ్వండి, అప్పుడు "ఇది ఎందుకు కలవలేదు?" అన్నదే పాఠం అవుతుంది.

ప్ర: మూడో తరగతి వాళ్లతో టక్స్ పెయింట్‌లో గీయిస్తున్నాం. పిల్లలు సేవ్ కొడతారు, ఫైలు పేరు అడగదు, ఎక్కడికి పోతుందో తెలీదు. మర్నాడు కొన్ని బొమ్మలు అసలే ఉండవు. ఎందుకని?
– ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు, గుణుపురం

జ: పేరు అడగకపోవడం లోపం కాదు, చదవడం రాని పిల్లల కోసం చేసిందే. బొమ్మలు ఓపెన్ నొక్కితే చిన్న చిన్న తునకలుగా కనిపిస్తాయి. ఫైళ్లు మాత్రం దాచి ఉంచిన ఫోల్డర్‌లోకి వెళ్తాయి. విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో శాతం గుర్తు, యాప్‌డేటా అని ఇంగ్లిష్ అక్షరాల్లో, మళ్లీ శాతం గుర్తు కొట్టి ఎంటర్ చేయండి. అందులో టక్స్‌పెయింట్, దానిలో సేవ్డ్. అన్నీ అక్కడ పీఎన్‌జీ ఫైళ్లుగా ఉంటాయి.

మర్నాటికి మాయమవడానికి కారణం రెండింటిలో ఒకటి. ల్యాబ్ సిస్టమ్‌లలో రీస్టార్ట్ కాగానే సీ డ్రైవ్‌ను పాత స్థితికి తెచ్చే సాఫ్ట్‌వేర్ వేసి ఉండొచ్చు, ఆ ఫోల్డర్ ఉన్నది సీ డ్రైవ్‌లోనే కదా. లేదా రెండో పిల్లవాడు మొదటివాడి బొమ్మ తెరిచి దాని మీదే గీసి సేవ్ చేసి ఉంటాడు. రెండింటికీ మందు టక్స్ పెయింట్ కాన్ఫిగ్ అనే వేరే ప్రోగ్రాములో ఉంది, టక్స్ పెయింట్‌తో పాటే అదీ వస్తుంది. సేవింగ్ ట్యాబ్‌లో సేవ్ అయ్యే ఫోల్డర్‌ను డీ డ్రైవ్‌లోకి మార్చండి. అక్కడే "ఎప్పుడూ కొత్త బొమ్మగా సేవ్ చేయి" అన్నదాన్ని ఎంచుకోండి. సింప్లిఫికేషన్ ట్యాబ్‌లో క్విట్ బటన్‌ను, ఎస్కేప్ మీటను ఆపేస్తే మధ్యలో బయటికి పోయేవాళ్లూ తగ్గుతారు. మార్పులన్నీ అయ్యాక అప్లై కొట్టడం మరిచిపోతే ఏదీ అమలు కాదు, ఎక్కువమంది చేసే పొరపాటు ఇదే.

కొత్త బొమ్మగా సేవ్ చేయడం వల్ల ఇంకో లాభం ఉంది. గింజ మొలకెత్తడం తీసుకోండి. మొదటి బొమ్మలో మట్టి, గింజ. సేవ్. దాని మీదే వేరు గీయాలి, సేవ్. ఆకు, సేవ్. ఇలా ఎనిమిది బొమ్మలు. తర్వాత ఓపెన్‌లో స్లైడ్స్ నొక్కి, బొమ్మల్ని వరసగా ముట్టుకుంటే వాటి మీద 1, 2, 3 అని అంకెలు పడతాయి. ప్లే నొక్కితే మొలక పెరుగుతుంది. కింద వేగం తగ్గించే జారుడు పట్టీ ఉంది. కొత్త వెర్షన్లలో దీన్ని కదిలే జిఫ్ ఫైలుగా బయటికి తీయొచ్చు. మట్టి గీతను మళ్లీ గీయనివ్వకండి. అది ఒక్కో బొమ్మలో ఒక్కోచోట పడితే తెర మీద భూకంపం వచ్చినట్టు ఊగుతుంది.

స్టాంపులు కనిపించడం లేదని ఇంకొకరు అడిగారు. అవి వేరే ఇన్‌స్టాలర్‌లో వస్తాయి, విడిగా వేయాలి.

ప్ర: మాది ఒడియా మీడియం బడి, పిల్లల్లో సగం ఇళ్లలో తెలుగు. పువ్వు భాగాల బొమ్మకు రెండు భాషల్లో పేర్లు పెట్టాలని ప్రయత్నించాను. ఇంట్లో బాగున్న అక్షరాలు బడి కంప్యూటర్లో చెత్తచెత్తగా వస్తున్నాయి.
– సైన్స్ టీచర్, రాయగడ

జ: మీరు వాడింది యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తించే అక్షర సంకేతాలు) కాని ఫాంట్ అయి ఉంటుంది. డీటీపీ సెంటర్లలో తెలుగుకు అను ఫాంట్లు, ఒడియాకు ఆకృతి ఫాంట్లు ఇప్పటికీ నడుస్తున్నాయి. వాటిలో లోపల ఉండేది ఇంగ్లిష్ అక్షరాలే, పైన తెలుగు తొడుగు. ఆ ఫాంట్ లేని సిస్టమ్‌లో తొడుగు ఊడిపోతుంది. విండోస్ 8 నుంచి ఉన్న నిర్మలా యూఐ అనే ఒక్క ఫాంట్‌లో తెలుగు, ఒడియా, దేవనాగరి మూడూ ఉన్నాయి. దాంతో టైపు చేస్తే ఆ ఫాంట్ ఉన్న ఏ బడి కంప్యూటర్లో తెరిచినా అదే కనిపిస్తుంది.

టైపింగ్‌కు ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు నేర్చుకోమనే మా సలహా, మొదటి వారం చికాకు పడ్డా సరే. తెలుగు, ఒడియా, హిందీ లాంటి భారతీయ భాషలకు అందులో మీటల అమరిక దాదాపు ఒకటే. ఉదాహరణకు "నది" అన్న మాటకు వీ, ఓ, ఎఫ్ మీటలు నొక్కాలి. విండోస్ మీటతో స్పేస్‌బార్ నొక్కి ఒడియాకు మారి, అవే మూడు మీటలు నొక్కితే ఒడియాలో "నది" వస్తుంది. అక్కడ దీర్ఘం కావాలి గనక చివర ఎఫ్ బదులు ఆర్ నొక్కాలి, అంతే తేడా. ఒక భాషలో చేయి తిరిగితే రెండోదానికి మళ్లీ నేర్చుకునే పని లేదు. ఫొనెటిక్ కీబోర్డులకు ఈ సుఖం లేదు, తెలుగు మాటను ఇంగ్లిష్ స్పెల్లింగులోకి మార్చుకుంటూ కొట్టాలి.

ఇక బొమ్మ. పెయింట్‌లో అక్షరాలు రాసి బయట క్లిక్ చేయగానే అవి రంగు చుక్కలైపోతాయి, తప్పు దిద్దలేరు. ఈ పనికి ఇంక్‌స్కేప్ మేలు, ఉచితం, నెట్ అక్కర్లేదు. లేయర్ల ప్యానెల్ తెరిచి (షిఫ్ట్, కంట్రోల్, ఎల్) నాలుగు పొరలు పెట్టండి: అడుగున మందార పువ్వు, దాని మీద బాణం గీతలు, తెలుగు పేర్లు ఒక పొర, ఒడియా పేర్లు ఇంకో పొర. పొర పక్కనున్న కన్ను గుర్తు నొక్కితే ఆ భాష మాయమవుతుంది. ముందు రెండూ మూసి బొమ్మ చూపించి అడగండి, తర్వాత ఒడియా, తర్వాత తెలుగు. "రక్షక పత్రావళి" అనగానే బిక్కమొహం వేసిన పిల్ల ఇంట్లో వాళ్లమ్మ అనే మాట చెబుతుంది, దాన్నీ ఒక పొరలో చేర్చండి.

అక్షరాల సైజు తగ్గించొద్దు. ఒడియాలో చాలా అక్షరాలకు నెత్తిమీద ఒకేలాంటి గుండ్రటి వంపు ఉంటుంది, అసలు తేడా కింద. చిన్నగా ఉంటే వెనక బెంచీ నుంచి అన్నీ ఒకేలా కనబడతాయి. తెలుగుకు ఇబ్బంది వత్తులతో. వరుసల మధ్య ఖాళీ తక్కువైతే పై వరస వత్తు కింది వరస గుడి మీద కూర్చుంటుంది. వరుసల ఎడం కనీసం ఒకటిన్నర పెట్టండి. వేరే బడికి పంపేటప్పుడు ఒక కాపీ తీసి, అందులో అక్షరాల్ని ఎంచుకుని పాత్ మెనూలో ఆబ్జెక్ట్ టు పాత్ కొట్టండి. ఇక ఫాంట్ ఉన్నా లేకున్నా ఒకటే. అసలు ఫైలు మీద మాత్రం ఈ పని చేయకండి, తర్వాత ఒక్క అక్షరం కూడా దిద్దుకోలేరు.

ప్ర: మా హైస్కూలుకు స్మార్ట్ బోర్డు ఇచ్చారు. ఉదయం పూట దానంతట అదే గీతలు గీస్తుంది. మధ్యాహ్నం బాగానే ఉంటుంది. ల్యాప్‌టాప్ తగిలిస్తే బొమ్మ వస్తుంది గానీ వేలితో గీస్తే గీత పడదు. రిపేరు అతను బోర్డు మార్చాలంటున్నాడు.
– జయపురం

జ: బోర్డు మార్చేముందు కిటికీ చూడండి. ఇలాంటి బోర్డుల్లో చాలావాటికి చట్రం నాలుగు అంచుల్లో కంటికి కనిపించని పరారుణ కిరణాలు అటూ ఇటూ పోతుంటాయి. వేలు అడ్డం వచ్చిన చోటును బట్టి బోర్డు గుర్తుపడుతుంది. వేలే కానక్కర్లేదు, చొక్కా చేయి తగిలినా, ఈగ వాలినా, సుద్దపొడి పేరుకున్నా దాని లెక్కలో అదీ వేలే. ఎండ నేరుగా చట్రం మీద పడితే ఎండలోని పరారుణం కూడా గందరగోళం చేస్తుంది. ఉదయం చెడి మధ్యాహ్నం బాగుపడుతోందంటే మీ తూర్పు కిటికీ మీదే అనుమానం. పదిగంటలప్పుడు కిటికీకి దుప్పటి కట్టి చూడండి. గీతలు ఆగితే వ్యాధి తెలిసినట్టే. ఆగకపోతే కరెంటు ఆపి, చట్రం లోపలి అంచును మెత్తని పొడిగుడ్డతో నాలుగువైపులా తుడవండి, మూలలు మరీ ముఖ్యం. తడిగుడ్డ వద్దు. పక్కనే సుద్దముక్కల నల్లబల్ల ఉంటే వారానికోసారి ఈ పని తప్పదు.

రెండోది ఇంకా తేలిక. హెచ్‌డీఎంఐ కేబుల్ మోసేది బొమ్మను, శబ్దాన్ని. వేలి సమాచారం ల్యాప్‌టాప్‌కు చేరాలంటే బోర్డు నుంచి ఇంకో యూఎస్‌బీ కేబుల్ కావాలి, బోర్డు మీద టచ్ అని రాసి ఉన్న చోటు నుంచి. ఆ కేబుల్ మామూలుదైతే 5 మీటర్లు దాటకూడదు. అంతకన్నా పొడవు కావాలంటే మధ్యలో సంకేతాన్ని బలపరిచే యాక్టివ్ ఎక్స్‌టెన్షన్ తీసుకోవాలి. పదిమీటర్ల మామూలు కేబుల్ కొని "ఒకసారి పనిచేస్తుంది, ఒకసారి చేయదు" అని బాధపడేవాళ్లు చాలామంది.

కేబుల్ పెట్టాక బోర్డు మీద గీస్తే గీత ల్యాప్‌టాప్ తెరమీద ఇంకెక్కడో పడుతుందా? విండోస్ ఏ తెర వేలితో ముట్టుకునేదో పొరబడింది. కంట్రోల్ ప్యానెల్‌లో ట్యాబ్లెట్ పీసీ సెట్టింగ్స్ తెరిచి సెటప్ నొక్కండి. తెల్లటి తెరమీద ముట్టుకోమని రాతలు వస్తాయి. అవి ల్యాప్‌టాప్ మీద వస్తే ఎంటర్ కొట్టండి, బోర్డు మీదికి వెళ్తాయి, అప్పుడు బోర్డును ముట్టుకోండి. గీత వేలికి ఒకటి రెండు సెంటీమీటర్లు పక్కగా పడుతుంటే అదే సెట్టింగ్స్ విండోలో కేలిబ్రేట్ ఉంది. గుర్తులు వచ్చినచోట బోర్డుకు ఎదురుగా నిలబడి ముట్టుకోవాలి. పక్కనుంచి వంగి ముట్టుకుంటే ఆ వంకరే స్థిరపడిపోతుంది.

గీయడానికి ఓపెన్‌బోర్డ్ వేసుకోండి, ఉచితం. స్కేలు, కోణమానిని, వృత్తలేఖిని తెర మీదే ఉంటాయి. పాఠం అయ్యాక పేజీలన్నీ పీడీఎఫ్‌గా తీసి పిల్లలకు ఇవ్వొచ్చు.

ప్ర: మా మండలంలో లాంజియా సవరల ఊళ్లున్నాయి. ఇడితాల్ బొమ్మల్ని నెట్ నుంచి దించి, స్టాంపులుగా చేసి పిల్లలతో గ్రీటింగు కార్డులు చేయిద్దామనుకుంటున్నాం. సలహా ఇవ్వండి.
– డ్రాయింగ్ మాస్టారు, గుణుపురం దగ్గర

జ: స్టాంపుగా చేయొద్దనే చెబుతాం. ఇడితాల్ గోడ అలంకారం కాదు. ఇంటి లోపల ఎర్రమట్టి పూసిన గోడమీద, బియ్యప్పిండితో, పెద్దల కోసమో దేవతల కోసమో, పూజతో వేసే బొమ్మ. అందులో ఏ గుర్తు ఎవరికోసమో వేసినవాళ్లకు తెలుసు. దాన్ని ముక్కలుగా కోసి "హ్యాపీ న్యూ ఇయర్" పక్కన అతికించడం సవర పిల్లలు కూర్చున్న తరగతిలో మరీ ఎబ్బెట్టుగా ఉంటుంది. పైగా నెట్‌లో సవర బొమ్మలని పెట్టినవాటిలో చాలా వార్లీవి. వార్లీ పాల్ఘర్, ఠాణే వైపుది. అందులో మనిషి ఒళ్లు మొన మొన కలిసిన రెండు త్రిభుజాలు, కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. సవర బొమ్మల్లో మనుషులు ఇంకాస్త పొడుగ్గా, మొనలు అంత పదునుగా లేకుండా ఉంటారు. 2024లో లాంజియా సవర చిత్రాలకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. బడిలో నేర్చుకోవడానికి దాంతో అడ్డేమీ లేదు గానీ, ఆ పేరుతో కార్డులు అమ్మే ఆలోచన ఉంటే మానుకోండి.

పద్ధతిని మాత్రం తీసుకోవచ్చు. ముందు చట్రం గీసి, అంచు నుంచి లోపలికి నింపుకుంటూ రావడం. పెయింట్‌లో కాన్వాస్‌ను ఎర్రమట్టి రంగుతో నింపి, తెల్లటి 4 పిక్సెల్ పెన్సిల్‌తో చట్రం, దాని లోపల తమ వీధి, తమ బడి, తమ చెరువు. ఆ ఊరి సవర పెద్దను ఒకరిని పిలిచి, ఆయన ఏది చెప్పదలిస్తే అది చెప్పనివ్వండి. బ్రష్‌తో కాక పెన్సిల్‌తోనే ఎందుకంటే, బ్రష్ గీత అంచుల్లో సగం ఎరుపు సగం తెలుపు చుక్కలుంటాయి. తర్వాత రంగు నింపితే గీత చుట్టూ బూజుపట్టినట్టు అంచు మిగిలిపోతుంది. పెన్సిల్ గీతకు ఆ బెడద లేదు. ఒక్క చుక్క ఖాళీ ఉన్నా మాత్రం నింపిన రంగు బొమ్మంతా పారుతుంది. కంట్రోల్ జెడ్ కొట్టి, మాగ్నిఫయర్‌తో ఆ సందు వెతికి కలపండి.

నకలు తీసి పేర్చే పాఠమే కావాలంటే రాయగడ, కలహండి వైపు డొంగ్రియా కొంధుల కపడాగండ శాలువా చూడండి, దానికీ 2024లోనే గుర్తింపు వచ్చింది. అందులో వరసలుగా వచ్చే త్రిభుజాలు కొండలకు గుర్తు. శాలువా అంచును కాపీ చేయక, ఆ వరస కట్టే తీరును లెక్కగా చేయండి. 100×100 పిక్సెల్‌ల చదరంలో త్రిభుజాలతో పిల్లవాడు సొంతంగా ఒక ముక్క గీస్తాడు. దాన్ని ఎంచుకుని, కంట్రోల్ నొక్కి పట్టుకుని లాగితే నకలు విడిపోతుంది. 800×600 కాన్వాస్‌లో 8 వరసన, 6 నిలువున, మొత్తం 48 ముక్కలు. ఎంపిక 100 బదులు 101 అయిందో, ముక్కకు ముక్కకు మధ్య సన్నటి తెల్లగీత వస్తుంది, 99 అయితే గీతలు తెగుతాయి. తొందరపడి ఎంచుకోకుండా కింది పట్టీ అంకె చూడమనండి. అంచుల దగ్గర గీతలు కలవకపోతే ముక్కను ముందే సరిచేయాలి: ఎడమ అంచును గీత ఎంత ఎత్తులో తాకిందో కుడి అంచునూ అంతే ఎత్తులో తాకాలి.

ప్ర: కంప్యూటర్లు లేవు, పెద్ద తరగతి పిల్లలు తెచ్చే ఐదారు ఫోన్లే. మా ఊరి నదుల పటం గీయించాలి. వేలితో గీస్తే లావుగా వస్తోంది.
– సిరొంచ

జ: ఫోన్‌లో స్కెచ్‌బుక్ లాంటి పొరలున్న యాప్ వేయించండి, ఒకసారి దించుకుంటే తర్వాత నెట్ అక్కర్లేదు. అట్లాసు పటాన్ని నిటారుగా ఫొటో తీసి అడుగు పొరలో పెట్టి, దాని గాఢత 30-40 శాతానికి తగ్గించండి. పైన ఖాళీ పొరలో నదులు, ఆ పైన ఇంకో పొరలో పేర్లు. పిల్లలందరూ చేసే తప్పు ఫొటో పొరమీదే గీసేయడం. చివర్లో ఫొటో తీసేయబోతే నదులూ పోతాయి. ఫొటో పొరకు తాళం గుర్తు పెట్టేయండి. కాన్వాస్ మరీ పెద్దది తీసుకుంటే మామూలు ఫోన్లలో పొరలు రెండు మూడుకు మించనివ్వదు, 2000×1500 చాలు.

గీత లావు పెన్నుతో కాదు, అర్థంతో నిర్ణయించాలి. వార్ధా, వైన్‌గంగా 4 పిక్సెల్‌లు, రెండూ కలిసిన ప్రాణహిత 8, మీ ఊరి దగ్గర అది కలిశాక గోదావరి 14. కాళేశ్వరం అవతలి ఒడ్డున. ఇంకా దిగువన సోమనూరు దగ్గర ఇంద్రావతి. "కింద" అంటే దక్షిణం అనుకునే పిల్లలు ఇంద్రావతి దగ్గర చిక్కుకుంటారు. అది ఒడిశాలో కలహండి కొండల్లో పుట్టి, బస్తర్ మీదుగా పడమటికి వచ్చి, చివర్లో దక్షిణానికి తిరుగుతుంది. బాణం గుర్తులు పుట్టినచోటు నుంచి వేయిస్తే పొరపాటు ఉండదు.

పెన్ను ఇంట్లోనే చేసుకోవచ్చు. చెవిలో పెట్టుకునే దూది పుల్ల తీసుకుని, పుల్లకు వంటింటి అల్యూమినియం ఫాయిల్ దూది అంచుదాకా బిగించి చుట్టండి. దూదిని ఒక్క చుక్క నీటితో తడపండి. పట్టుకునే వేళ్లు ఫాయిల్‌ను తాకాలి, తెర గుర్తుపట్టేది విద్యుత్తును ప్రసరింపజేసే మన ఒంటి స్పర్శనే. దూది ఆరితే పనిచేయదు, నీళ్లు ఎక్కువైతే తెరమీద పడ్డ బొట్టే వేలైపోతుంది. కొసను సన్నగా చెక్కితే తెర అసలే గుర్తించదు, 5-6 మిల్లీమీటర్ల వెడల్పైనా ఆనాలి. అందుకే సన్నటి గీత కావాలంటే పెన్నును సన్నం చేయక, పటాన్ని రెండు వేళ్లతో పెద్దది చేసి గీయాలి.

ప్ర: పెన్ ట్యాబ్లెట్ కొన్నాను. వృత్తం గీస్తే కోడిగుడ్డు వస్తోంది. గీత మొదట్లో కాసేపు ఆగి పడుతోంది.
– బరంపురం

జ: ట్యాబ్లెట్ పలక పొడవు వెడల్పుల నిష్పత్తి ఒకటి, మీ తెరది ఇంకొకటి. డ్రైవర్ సెట్టింగుల్లో నిష్పత్తి సరిచేసే టిక్ ఉంటుంది, పెట్టండి. పలకలో కొంత భాగం పనిచేయడం మానేస్తుంది, వృత్తం వృత్తంలా వస్తుంది. ఆగి పడటానికి కారణం విండోస్. పెన్ను నొక్కి పట్టుకుంటే కుడి క్లిక్ అనుకుని ఎదురుచూస్తోంది. కంట్రోల్ ప్యానెల్‌లో పెన్ అండ్ టచ్ తెరిచి, ప్రెస్ అండ్ హోల్డ్ ఎంచుకుని, సెట్టింగ్స్‌లో టిక్ తీసేయండి. కొనబోయేవాళ్లకు: పాఠాలకు 6×4 అంగుళాల పలక, బ్యాటరీ లేని పెన్ను చాలు. పెద్ద పలకకు చేయి ఎక్కువ కదపాలి, నిలబడి పాఠం చెప్పేవాళ్లకు అదో శ్రమ.

ప్ర: జామ్‌బోర్డ్‌లో చేసుకున్న పాఠాలు తెరుచుకోవడం లేదు. బదులుగా ఏది?
– రాయగడ

జ: గూగుల్ దాన్ని 2024 డిసెంబర్ 31న మూసేసింది. మీ డ్రైవ్‌లో వాటి పీడీఎఫ్ కాపీలు ఉన్నాయేమో వెతకండి. కొత్తగా మొదలుపెడితే ఎక్స్‌కాలిడ్రా అనే వెబ్‌సైటు బాగుంటుంది, లాగిన్ అడగదు. ఒక్క జాగ్రత్త: బొమ్మ ఉండేది బ్రౌజర్ లోపలే. ఎవరైనా బ్రౌజర్ హిస్టరీ, కుకీలు తుడిచేస్తే అదీ పోతుంది. పీరియడ్ అవగానే ఫైలుగా సేవ్ చేసి పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి.

ప్ర: పిల్లల బొమ్మలు వాట్సాప్‌లో పంపితే గీతల చుట్టూ మురికి చేరుతోంది.
– కాశీనగరం

జ: జేపీజీ గీతల బొమ్మలకు పడదు, ఫొటోలకు చేసింది. పీఎన్‌జీగా సేవ్ చేసి, ఫొటోగా కాక డాక్యుమెంట్‌గా పంపండి. అచ్చు వేయించాలంటే ఏ4 కాగితానికి 2480×3508 పిక్సెల్‌లు ఉండాలి. 800×600 బొమ్మను ఏ4కి సాగదీస్తే మెట్లుమెట్లుగా కనబడుతుంది, అప్పుడు ఏ ఫార్మాట్ వాడినా ఒకటే.